వచ్చే ఊపిరి, పోయే ఊపిరి
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ధ్యానం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను యోగిని కాను, గురువును అసలే కాను. గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగినవాడిని. కనుక నాకు జరిగిన సంగతే మనవి చేస్తాను.

2009లో రిటైరయ్యాక నాకు కోపం ఎక్కువైంది. ఆఫీసులో నా సంతకం లేనిదే కాగితం కదిలేది కాదు. ఇంట్లో నా మాటకు ఎవరూ ఆగేవారు కారు. కాఫీ ఆలస్యమైతే కోపం, పేపరు నలిగితే కోపం. ఒకనాడు పింఛను పుస్తకం కనబడక మా ఆవిడ మీద విరుచుకుపడ్డాను. ఆమె ఏమీ అనలేదు. నేనే దాచుకున్న చోటు నుంచి తీసి బల్ల మీద పెట్టింది. పక్కనే ఆడుకుంటున్న మనవడు మాత్రం, "నానమ్మా, తాతయ్య గదిలోకి నేను రాను" అన్నాడు. నా సర్వీసులో అంత గట్టి మెమో నాకెవరూ ఇవ్వలేదు.

ఆ వారమే బి.పి. చూసిన డాక్టరుగారు మాత్రలు రాసి, "రోజూ కాసేపు కూర్చుని ఊపిరిని గమనించండి" అన్నారు. ఇది కొత్త విద్య కాదు. బుద్ధుడు దీన్నే ఆనాపానసతి అన్నాడు. అంటే వచ్చే శ్వాస, పోయే శ్వాసల మీద ఎరుక. గోయెంకాగారి పద్ధతిలో జరిగే పది రోజుల విపశ్యన శిబిరాల్లో మొదటి మూడు రోజులూ ఇదే పని.

పద్మాసనం అక్కరలేదు, మన మోకాళ్ళ సంగతి మనకు తెలుసు. కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చోండి. ఊపిరి సాగదీయవద్దు, బిగబట్టవద్దు. ముక్కు దగ్గర లోపలికి చల్లగా, బయటికి వెచ్చగా తెలుస్తుంది. వదిలిన ప్రతిసారీ ఒక అంకె, పది వరకు. మధ్యలో మనసు డి.ఎ. బకాయిల దగ్గరికి పోతుంది. తెలియగానే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. మొదటి వారం నేను నాలుగు దాటలేదు. పద్దు కలవకపోతే మళ్ళీ మొదటి నుంచి కూడేవాళ్ళం కదా, ఇదీ అంతే.

శ్వాస వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుందని వైద్యశాస్త్రం చెబుతోంది. అలాగని మందులు మానకండి. ఆయాసం వస్తే డాక్టరు దగ్గరికే వెళ్ళండి.

విడిగా సమయం లేదంటారా? ఫోను మోగితే వెంటనే ఎత్తకుండా ముందు శ్వాస గమనించమనేవారు వియత్నాం భిక్షువు తిక్ నాట్ హాన్. నేను మూడు శ్వాసలు పెట్టుకున్నాను. బ్యాంకు వరుసలో, కుక్కరు విజిల్ కోసం కాచుకున్నప్పుడు, ముఖ్యంగా కోపం నోటిదాకా వచ్చినప్పుడు, మూడే శ్వాసలు.

మా ఆవిడ 2019లో వెళ్ళిపోయింది. ఆ పదేళ్ళూ నేను అరవలేదని చెప్పను, తక్కువ అరిచాను. ఆసుపత్రిలో చివరి రాత్రులు ఆమె చేయి పట్టుకుని ఆమె ఊపిరిని, నా ఊపిరిని గమనిస్తూ కూర్చున్నాను. అంతకుముందు అరిచిన అరుపులు మాత్రం వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. అందుకే రేపు అనకుండా ఇవాళే మొదలుపెట్టమని నా విన్నపం.

మనవడు ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. నా గదిలోనే కూర్చుని చదువుకుంటాడు.

బతికే ఉన్నామని ఏటా మనం ధ్రువపత్రం ఇస్తున్నాం. ఊపిరి మనకు ఆ పత్రాన్ని క్షణక్షణం ఇస్తోంది. ఒక్కసారి దాన్ని చూసుకుందాం.