అర్బాబ్ బోటుకు ఏ బండి? ట్రైలర్ లాగే ఎస్‌యూవీలో ఇంజిన్, గేర్‌బాక్స్ సంగతి

ఈ వారం మన హౌస్ డ్రైవర్లకూ, సొంతంగా చిన్న పని పెట్టుకుని ట్రైలర్ కట్టుకుని తిరిగేవాళ్లకూ పనికొచ్చే సంగతి మాట్లాడుకుందాం. ట్రైలర్ లాగాలంటే ఎలాంటి ఎస్‌యూవీ కావాలి? అందులో ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్? నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో గేర్‌బాక్సులు విప్పి బిగించే పనిలో ఉన్నాను కాబట్టి ఇలాంటి ప్రశ్నలు నాకే ఎక్కువ వస్తాయి.

పోయిన నెల ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. జగిత్యాల వైపు పిల్లాడు, ఇక్కడే ఒక ఇంట్లో డ్రైవర్. "అన్నా, మా అర్బాబ్ ఉన్న బండి అమ్మేసి ఇంకోటి కొంటున్నడు. బోటు కల్బా దాకా లాగాలంట. మూడు పాత బండ్లు చూసి పెట్టిండు. ఏది మంచిది అని నన్నే అడిగిండు. ఏం చెప్పమంటవ్?"

వినడానికి చిన్న ప్రశ్నే. కానీ డ్రైవర్ "ఇది మంచిది అర్బాబ్" అన్నాడనుకోండి. ఆగస్టు ఎండలో కొండ ఎక్కుతూ గేర్‌బాక్స్ పోతే మొదట వచ్చే మాట "నువ్వెలా నడిపావ్?" అనే. కాలిన గేర్‌బాక్సుతో మా దగ్గరికి వచ్చిన బండ్లను చాలా చూశాను. ఆ బిల్లు నెలనెలా జీతంలోంచి కోయించుకున్న డ్రైవర్లనూ చూశాను. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దంటాను.

ఆ తమ్ముణ్ణి నేను అడిగిన మొదటి ప్రశ్న, బోటు బరువెంత? "పెద్ద బోటే అన్నా" అన్నాడు. అందరూ ఇదే చెప్తారు. పెద్దది అంటే ఎంత? మన దగ్గర వడ్ల లారీ కాటా ఎక్కకుండా మిల్లులోకి పోతుందా? దీన్ని కూడా ట్రైలర్‌తో సహా కాటా ఎక్కించమన్నాను. ఎక్కించాడు. 24 అడుగుల బోటు, వెనక రెండు ఇంజిన్లు, ట్యాంకు నిండా పెట్రోల్, ట్రైలర్, ఐస్ పెట్టె, చేపల సామాను అన్నీ కలిపి 2,900 కిలోలు. కాగితంలో బోటు బరువని రాసేది ఎక్కువగా ఖాళీ బోటుదే. 300 లీటర్ల పెట్రోలే 220 కిలోలు దాటుతుంది, అది ఎవరికీ గుర్తుండదు.

మీ ఇంట్లో ఉన్నది రెండు జెట్‌స్కీలే అయితే ట్రైలర్‌తో కలిపి వెయ్యి, పదకొండు వందల కిలోలు ఉంటుంది. మధ్యరకం ఎస్‌యూవీ ఏదైనా చాలావరకు లాగేస్తుంది. ఆ అన్నలు ఇక్కడే ఆపేసి చాయ్ తాగొచ్చు. మూడు టన్నుల దగ్గరికి వచ్చినవాళ్లకే అసలు కథ.

అర్బాబ్ చూసిపెట్టిన మూడు బండ్లలో ఒకటి ల్యాండ్ క్రూయిజర్ 200, 4.0 లీటర్ వీ6. రెండోది నిస్సాన్ పెట్రోల్, 5.6 లీటర్ వీ8. (మన ఇంధనం పెట్రోల్ కాదు, బండి పేరు. ఇది రాసేటప్పుడు ప్రతిసారీ తికమకే. అందుకే ఇక్కణ్ణుంచి వీ8 అనే అంటాను.) మూడోది మేడమ్‌కి నచ్చిన ఏడు సీట్ల బండి, సీవీటీ గేర్‌బాక్స్. దాని పేరు మనకెందుకు.

అర్బాబ్ మనసు మొదటిదాని మీదే. ల్యాండ్ క్రూయిజర్ అంటే పేరు అలాంటిది మరి. కానీ లాగేది బండి పేరు కాదు, బానెట్ కింద ఉన్న ఇంజిన్. మన ఫార్చ్యూనర్‌నే తీసుకోండి. ఇండియాలో 2.8 డీజిల్ ఆటోమేటిక్‌కి టార్క్ 500 న్యూటన్ మీటర్లు. ఇక్కడ గల్ఫ్‌లో తిరిగే 2.7 పెట్రోల్ ఫార్చ్యూనర్‌కి 245. అదే పేరు, చూపూ దాదాపు అదే, లాగే బలం మాత్రం సగం. ఊళ్లో చూసిన ఫార్చ్యూనర్‌ని మనసులో పెట్టుకుని ఇక్కడ సలహా ఇస్తే పప్పులో కాలేసినట్టే.

హార్స్‌పవర్ చూసి కూడా మోసపోవద్దు. 50 హార్స్‌పవర్ ట్రాక్టర్ టన్నుల కొద్దీ వడ్లు ట్రాలీలో ఈడ్చుకుపోతుంది. 100 హార్స్‌పవర్ కారుకి అదే ట్రాలీ కట్టండి, క్లచ్ వాసన వస్తుంది. ట్రాక్టర్ బలమంతా తక్కువ ఆర్‌పీఎంలో దొరికే టార్క్, పెద్ద గేర్ నిష్పత్తి. ట్రైలర్‌కి మనం వెతకాల్సింది కూడా అదే. ఎంత టార్క్, ఎంత ఆర్‌పీఎం దగ్గర? 4.0 వీ6కి సుమారు 385, అది కూడా ఇంజిన్ 4,400 ఆర్‌పీఎం దగ్గర అరుస్తున్నప్పుడు. 5.6 వీ8కి దాదాపు 550. కొత్త ల్యాండ్ క్రూయిజర్ 300లో 3.5 లీటర్ ట్విన్ టర్బో అయితే 2,000 ఆర్‌పీఎం నుంచే 650 ఇస్తుంది. లాగడానికి అదే మేలు, ఒప్పుకుంటాను. కాకపోతే పాత టర్బో బండిని, వారంటీ అయిపోయాక, మన మాట మీద అర్బాబ్ కొంటానంటే మాత్రం నేను వెనకాడతాను. టర్బో, ఇంటర్‌కూలర్, వాటి పైపులు అన్నీ వేడికి లోబడినవే. పాత బండి అయితే పెద్ద వీ8 సాదాగా ఉంటుంది. తాగేది ఎక్కువ తాగుతుంది, అది ముందే చెప్పేయండి.

ఇప్పుడు గేర్‌బాక్స్. నా అనుభవంలో ట్రైలర్ లాగే బండికి ముందుగా పోయేది ఇంజిన్ కాదు, ఇదే.

రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే, ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది చూశారా? ఆటోమేటిక్ బండిలో ఇంజినుకీ గేర్లకీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్ పని అదే, గాలి బదులు నూనె. ఆ జారుడులో పుట్టేది వేడి. నిదానంగా ఒకే వేగంలో పోయేటప్పుడు లోపల ఒక క్లచ్ రెండిటినీ గట్టిగా పట్టుకుంటుంది, దాన్ని లాకప్ అంటాం. అప్పుడు జారుడు లేదు, వేడి తక్కువ. టార్క్ చాలని ఇంజినుకి మూడు టన్నులు కట్టి, మలీహా మీదుగా కల్బా దారిలో కొండ ఎక్కించండి. ఆరో గేర్ నిలవదు, ఐదుకి దిగుతుంది. కాస్త చదును రాగానే మళ్లీ ఆరు. మళ్లీ ఐదు. మార్పు జరిగిన ప్రతిసారీ లాకప్ వదులుతుంది, నూనె కాగుతుంది. నూనె 80, 95 డిగ్రీల మధ్య ఉన్నంతసేపు భయం లేదు. 120 దాటి అలాగే ఉంటే మాడడం మొదలవుతుంది. ఎర్రటి నూనె గోధుమరంగుకి తిరిగి కమురు వాసన కొడితే లోపల క్లచ్ ప్లేట్లు పోతున్నట్టే. బయట 48 డిగ్రీలుంటే ఆ నూనెని చల్లార్చే గాలే వేడిగా ఉంటుందని మర్చిపోవద్దు.

అందుకే బండి చూసేటప్పుడు గేర్లు ఎన్ని అన్నది తర్వాత. ముందు బంపర్ వెనక టార్చి వేసి చూడండి, గేర్‌బాక్స్ నూనెకి విడిగా కూలర్ ఉందా? లేకపోతే పెట్టించొచ్చు, గేర్‌బాక్స్ ఓవర్‌హాల్‌తో పోలిస్తే దాని ఖర్చు లెక్కలోకి రాదు. టో మోడ్ బటన్ ఉందా? లేకపోతే మాన్యువల్‌గా గేర్ పట్టి ఉంచే వీలుందా?

సీవీటీలో పళ్ల చక్రాల గేర్లు ఉండవు. రెండు కప్పీల మధ్య ఇనప బెల్టో గొలుసో ఒత్తిడితో పట్టుకుని తిప్పుతుంది. ఊళ్లో తిరగడానికి మెత్తగా ఉంటుంది, పెట్రోల్ కూడా ఆదా. కొన్ని సీవీటీ బండ్లకి కంపెనీయే రెండు టన్నుల పైన లాగొచ్చని ఇచ్చింది, కాదనను. కానీ ఈ ఎండలో మూడు టన్నులకి నేను ఒప్పుకోను. నిస్సాన్ పాత్‌ఫైండర్‌లోనే చూడండి, ఏళ్ల తరబడి సీవీటీ వాడి 2022 మోడల్‌కి 9 గేర్ల మామూలు ఆటోమేటిక్‌కి మారారు.

చివరికి ఆ ఇంట్లో వీ8నే తీసుకున్నారు. 7 గేర్ల ఆటోమేటిక్. నూనె రంగు చూసి, మార్పించి, అదనంగా కూలర్ వేయించాకే బోటు కట్టమని చెప్పాను. మేడమ్‌కి ఇంకా కోపం తగ్గలేదంట, అది నా చేతిలో లేదు.

బండి కుదిరాక చూడాల్సింది బరువు ఎక్కడ పడుతుందో. ఎడ్లబండి తోలినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. సామాను వెనక్కి పడితే కాడి పైకి లేచి ఎద్దుల మెడ పట్టేస్తుంది, ముందుకి ఎక్కువైతే మెడ మీద భారం. ట్రైలర్ కూడా అంతే. మొత్తం బరువులో పదో వంతుకి తగ్గకుండా హిచ్ మీద పడాలి. మన బోటుకి సుమారు 290 కిలోలు. తక్కువైతే వేగంలో ట్రైలర్ పాములా ఊగుతుంది. అయితే ఆ 290 కిలోలూ బండి మోయాల్సినవే. లోపల ఏడుగురు కూర్చుంటే ఇంకో 490. డోర్ పక్కన స్టిక్కర్ మీద రాసిన హద్దు అక్కడికే దాటిపోవచ్చు. పిల్లల్ని ఇంకో బండిలో పంపమని అర్బాబ్‌కి ముందే చెప్పండి. హిచ్ మీదా, బాల్ మీదా కూడా కిలోలు కొట్టి ఉంటాయి, అన్నిట్లోకీ తక్కువ అంకె ఏదైతే అదే మీ హద్దు. మూడు టన్నుల ట్రైలర్‌కి సొంత బ్రేకులు లేకపోతే మాత్రం కట్టనని చెప్పేయండి. ఉద్యోగం పోతుందని భయపడొద్దు, అర్బాబ్ పిల్లలు కూడా ఆ బండిలోనే ఉంటారు.

నీళ్లలోంచి బోటుని ర్యాంపు మీదికి తీసేటప్పుడు 4ఎల్ వేయండి, నేరుగా లాగేటప్పుడే. ఆ నాలుగు గజాల్లోనే టార్క్ కన్వర్టర్ విపరీతంగా కాగుతుంది. కొండ ఎక్కేటప్పుడు పై గేరు ఊగిసలాడుతుంటే ఒక గేరు కిందికి దించి అక్కడే పట్టి ఉంచండి. దిగేటప్పుడూ అంతే, బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చోవద్దు.

నూనె జీవితాంతం మార్చక్కర్లేదని కొందరు చెప్తారు. బోటు లాగే బండికి నేనైతే 50 వేల కిలోమీటర్లకే మారుస్తాను. బయల్దేరే ముందు మీటర్ రీడింగ్, టైర్ల గాలి, హిచ్ పిన్, ఓబీడీ ముక్క పెట్టి ఫోన్‌లో గేర్‌బాక్స్ వేడి, ఈ నాలుగూ ఫోటో తీసి అర్బాబ్ వాట్సాప్‌కి పంపండి. తిరిగొచ్చాక మళ్లీ ఒకసారి. రేపు ఏదైనా అయితే ఎవరెలా నడిపారో తేదీతో సహా ఆయన ఫోన్‌లోనే ఉంటుంది. మీ బండి మోడల్, ట్రైలర్ కాటా బరువు రాసి పంపితే వచ్చే ఎపిసోడ్‌లో లెక్క కట్టి చెప్తాను. బరువు లేకుండా పంపితే మాత్రం నా జవాబు కూడా "పెద్ద బోటే అన్నా" లాగే ఉంటుంది. ఉంటాను మరి.