ధాతకరువును దాటిన మన పూర్వులు



శుభకార్యములందు మనము గోత్రప్రవరలు చెప్పుకొందుము. మార్కండేయ వంశజులమని, భావనాఋషి సంతతివారమని వినినపుడు మన హృదయము లుప్పొంగును. కాని ఆ ఋషులకును మనకును నడుమ నున్న తాతముత్తాతల పేరు లడిగినచో మూడవ తరముకడనే మన నోరు మూతపడును. శ్రాద్ధకల్పము మూడు తరములవారిని స్మరింపుమన్నది. తక్కినవారిని మరువుమని చెప్పలేదు.

మన సీమలో మరువరాని తరమొకటి గలదు. క్రీ. శ. 1876లో, ధాతనామ సంవత్సరమున, వానలు తప్పెను. మరుసటి ఈశ్వర సంవత్సరమునను కష్టము తీరలేదు. కర్నూలు, కడప, బళ్లారి మండలములు మిగుల నలిగెను. 1871, 1881 సంవత్సరముల జనగణనలను పోల్చిచూచినచో కర్నూలు మండలమున సుమారు నాలుగింట నొకవంతు జనము తగ్గినట్లు కనబడును.

రైతునకు గాదె యడుగంటినపుడు కరువు వచ్చును. నేతవానికి అంతకుముందే వచ్చును. ధాన్యము ధర హెచ్చగానే లోకులు క్రొత్తబట్ట కొనుట మానుదురు. అంగడిలో జొన్నలున్నను కొనుటకు మనవారికడ కాసు లేకపోయెను. సర్కారువారు కరువుపనులు పెట్టిరి గాని, 1877లో సర్ రిచర్డు టెంపుల్ దొర మగవాని దినకూలిని ఒక పౌను ధాన్యమునకును, దానిపై నొక అణాకును కుదించెను. కంకర కొట్టిన చేతులు కాయలుగాచి సన్ననూలు పట్టుటకు పనికిరావు. ఇది గ్రహించి తరువాత కొన్ని తావుల నేతవారికి నూలిచ్చి, నేసిన బట్టను సర్కారే కొనెను.

మా జేజి తన అత్తగారివలన వినిన సంగతి యొకటి మనవిచేసెదను. పడుగునకు పట్టవలసిన గంజిని ఇంటివారు త్రాగిరట. ఇత్తడి చెంబులు, తలుపురెక్కలు అమ్ముకొనిరట. అచ్చును, నాడెను మాత్రము అమ్మనీయక ఇంటి యిల్లాలు పట్టుబట్టెనట. "ఆకలి యేడాదిది, మగ్గము పోయినచో తరతరములకును ఆకలియే" అని యామె వాదము. ఆమె పేరు ఏ శాసనమునను లేదు. జేజి జీవించియుండగా అడిగి నేను వ్రాసికొంటిని గావున మా యింట నిలిచినది.

ఇట్టి యిల్లాండ్రు ఎన్ని యిండ్లనుండిరో! వారు కాపాడిన విద్యవలననే, 1938లో ఎమ్మిగనూరున మాచాని సోమప్పగారు నేతవారి సహకార సంఘమును స్థాపించునాటికి ఈ సీమలో నేయుటకు చేతులు మిగిలియుండెను.

సోదరులారా! ఇంటిలోని పాతదస్తావేజులు, పద్దుపుస్తకములు చెదలపాలు గాకమునుపే విప్పిచూడుడు. ఏ యూరినుండి వచ్చితిరో, కరువున నెవ్వరు గతించిరో, ఎవ్వరు దేశాంతరము పోయిరో పెద్దల నడుగుడు. కోడండ్రుగా వచ్చినవారి పేరులను, పుట్టినయూళ్లను గూడ వ్రాయుడు. ఆ కథలు చెవులార వినినవారు నేడు మనలో కొందరే యున్నారు. మన బిడ్డలు దూరదేశములందు ఉద్యోగములు చేయుచున్నారు; వారికి నాడె యననేమో తెలియదు.

పితృఋణము సంతానముచే తీరునని శాస్త్రము. ఆ సంతానమునకు పితరుల పేరులే తెలియనిచో ఋణము తీరినదనుట యెట్లు?

స్వస్తి.