మిలిటరీ మాధవరం

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. ఆ పక్క ఎవరినడిగినా మిలిటరీ మాధవరం అనే చెబుతారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఇక్కణ్ణుంచి 90 మంది వెళ్లారు. రెండోదానికి వెయ్యి మంది దాటారు. ఒక్క పల్లె నుంచి!

తిరిగిరాని వాళ్ల కోసం ఊళ్లో ఢిల్లీ అమర్ జవాన్ తరహాలో స్మారకం ఉంది. అమర్ జవాన్ గుర్తంటే తెలుసుగా, తలకిందులుగా నిలబెట్టిన తుపాకీ, దాని మడమ మీద ఇనుప టోపీ. ఆ టోపీ పెట్టుకోవాల్సిన తల ఇక లేదు.

నా మనసును మరీ పట్టేసేవి అక్కడి పిల్లల పేర్లు. మేజర్, సుబేదార్ అని పేర్లు పెట్టుకున్న ఇళ్లున్నాయి. పేర్లే కాదు, ఊరికో అలవాటూ ఉంది: సెలవు ముగిసి బయల్దేరే జవాను ముందుగా పోలేరమ్మ గుడికెళ్లి దండం పెట్టుకుంటాడు.