బాలింత తలనొప్పి అంటే గాలి దూరడమేనా?

ఈ రోజు టెక్ కబుర్లు లేవు. మా గణపవరంలో, మా ఇంట్లోనే జరిగింది చెప్తాను.

మా వదినకి డెలివరీ అయిన 12వ రోజు తలనొప్పి మొదలైంది. "బాలింతవి, చెవుల్లో గాలి దూరింది, దూది పెట్టుకో" అన్నారు పెద్దవాళ్లు. పథ్యం పేరుతో నీళ్లు కూడా కొలిచి ఇచ్చేవారు. మూడో రోజుకి మనిషి మత్తు. పలికినా పొంతన లేని మాటలు. దిష్టి తీయడంతో ఇంకో రోజు పోయింది, ఒప్పుకోవాలి. సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నారు, మేమూ ఊపిరి పీల్చుకున్నాం. ఏలూరులో ఇంకో డాక్టరు గారు ఎంఆర్ వెనోగ్రామ్ తీయిస్తే తెలిసింది, మెదడు లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టిందని.

మామూలు స్ట్రోక్‌లో మెదడుకి రక్తం వెళ్లే దారి మూసుకుపోతుంది. ఇక్కడ బయటికొచ్చే దారి. మన కొల్లేరునే తీసుకోండి. బుడమేరు, తమ్మిలేరు, బోలెడు డ్రెయిన్లు వచ్చి పడతాయి. సముద్రానికి పోయేది మాత్రం ఒక్క ఉప్పుటేరు. అది పూడుకుంటే లంక ఊళ్లకి ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? మెదడు నడిమధ్య సిరలు కూడా గేలెన్ సిర అనే ఒక్కదాంట్లోనే కలుస్తాయి. అక్కడ అడ్డం పడితే రక్తం వెనక్కి తన్ని, నీరు ఊరి, మెదడు ఉబ్బుతుంది. మనల్ని మెలకువగా ఉంచే థాలమస్ రెండు వైపులా వాస్తుంది. అందుకే కాలూ చెయ్యీ పడిపోకుండానే మత్తు, తికమక. చూసేవాళ్లకి దెయ్యం పట్టినట్టే ఉంటుంది!

కాన్పు తర్వాత కొన్ని వారాలు రక్తం తేలిగ్గా గడ్డకడుతుంది. దానికి తోడు ఒంట్లో నీళ్లు తగ్గిస్తే? అబ్బాయిలూ, మీరూ వినండి. హైదరాబాద్ నిమ్స్ డాక్టర్లు 428 మంది ఇలాంటి రోగుల వివరాలు 2012లో ప్రచురించారు. సగానికి పైగా మగవాళ్లే. సగటు వయసు 31 దగ్గర. కారణాల్లో రక్తహీనత, మందు అలవాటు కూడా ఉన్నాయి.

వైద్యం హెపారిన్, అంటే గడ్డ పెరగనివ్వని ఇంజెక్షన్. మెదడులో కాస్త రక్తం చిమ్మినా ఇదే ఇస్తారట. నాకైతే గుండె జారిపోయింది, కానీ దారి తెరుచుకుంటేనే కదా ఒత్తిడి తగ్గేది.

బాలింతకి తగ్గని తలనొప్పి, వాంతులు, చూపు మసక, ఫిట్స్, మత్తు, వీటిలో ఏదొచ్చినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. కాన్పై ఎన్ని రోజులైందో ముందే చెప్పండి. సీటీ బానే ఉన్నా, సిరలు చూడాలా అని అడగండి.

వదిన ఆరు నెలలు బిళ్లలు వాడింది, ఐఎన్ఆర్ టెస్టులకి నేనే బండి మీద తీసుకెళ్లేవాణ్ని. ఇప్పుడు బావుంది, ఈ వీడియోకి కెమెరా పట్టుకుంది తనే. ఉంటానండి.