పనిమంతుడికీ పనిదొంగకూ ఒకటే పెన్షన్

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా నల్లగొండలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది కాబట్టే ఏటా ఈ రోజున మనం కలుసుకుంటున్నాం. పెన్షన్ సర్కారు దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు వచ్చే హక్కు అని ఆ తీర్పు తేల్చింది. ఆ సంగతి ప్రతి ఏడూ చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి ‘చేసిన సేవ’ అన్న ఆ రెండు మాటల గురించే నాలుగు ముక్కలు చెబుతాను. సేవ ఎవరు చేశారు, ఎవరు చేయలేదు అని. వెనక వరుసలో అప్పుడే నవ్వులు వినిపిస్తున్నాయి!

నేను నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగాను. ఏ సెక్షన్‌లో చూసినా ఇద్దరు మనుషులు తప్పకుండా ఉండేవారు. ఒకాయన ఫైలు రాగానే చూసి, నోటు రాసి, సాయంత్రానికి పైకి పంపేవాడు. ఇంకొకాయన ఒక్క ఫైలునూ ఉంచుకునేవాడు కాదు, ఒక్కదాన్నీ తేల్చేవాడూ కాదు. ‘వివరణ కోరవలెను’ అని ఒక కొర్రీ వేసి కిందికి తిప్పి పంపేవాడు. వివరణ వస్తే ఇంకొక కొర్రీ. పైకి చూస్తే ఆయన రిజిస్టరులోనే కదలిక ఎక్కువ. పనిదొంగ అంటే కుర్చీలో కునికేవాడని లోకం అనుకుంటుంది గానీ, అసలు పనిదొంగ ఎప్పుడూ తీరిక లేనట్టే కనిపిస్తాడు. పనిమంతుడికి దక్కేదల్లా ఇంకొంచెం పని. ‘ఆయనకియ్యండి, రేపటికల్లా అయిపోతుంది’ అనేవారు. నడిచే ఎద్దునే పొడుస్తారని మన పల్లెల్లో అననే అంటారు.

ఇద్దరికీ జీతమెలా పెరిగేది? ఫండమెంటల్ రూల్ 24 ప్రకారం ఇంక్రిమెంటు మామూలుగా దానంతటదే రావాలి, ఆపడానికే ఉత్తర్వు కావాలి. ప్రమోషన్ లేనివారికి 8, 16, 24 ఏళ్ళకు స్కేళ్ళు వచ్చాయి. తర్వాత అవే 6, 12, 18, 24 అయ్యాయి. అంతా క్యాలెండరు లెక్క. 1983లో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గించినప్పుడు కూడా వడ్లూ తాలూ ఒకే రోజున ఇంటికి పోయాయి. మరుసటి సంవత్సరం మళ్ళీ 58 చేశారు, అది వేరే కథ. ఇక రహస్య నివేదికల సంగతి. ప్రతికూలంగా రాస్తేనే మనకు తెలిపేవారు. ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలియజేయాలని దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది 2008లో. అప్పటికి ఇక్కడున్నవాళ్ళలో చాలామందిమి దండలు వేయించుకుని వచ్చేశాం.

క్యాలెండరు లెక్కను నేను తప్పుపట్టడం లేదు. పని చూసి జీతమిచ్చే అధికారం ఒక మనిషి చేతికిస్తే, పనికంటే ముందు తన చుట్టూ తిరిగేవాళ్ళను చూస్తాడు. నా మాట వేరు. మన శాఖలో అందరికంటే ఎక్కువ కష్టపడ్డవాళ్ళు ఈ లెక్కలోకే రాలేదు.

నందికొండ దగ్గర 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్ళు వదిలారు. అది రాతి కట్టడం. అంత ఎత్తుకు బొంగుల సారువల మీదుగా రాళ్ళూ సున్నమూ నెత్తిన మోసుకుపోయినవాళ్ళలో పాలమూరు ఆడా మగా ఎందరో. ఊళ్ళో గుంపుమేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ అప్పు తీరేదాకా కుటుంబమంతా గుడిసెల్లోనే. వాళ్ళ పనిని టేపు పెట్టి కొలిచేవారు, ఎం-బుక్కులో ఎక్కించేవారు. బిల్లు మాత్రం కాంట్రాక్టరు పేరున. కుర్చీలో కూర్చున్న మన పనిని ఎవరూ కొలవలేదు, హాజరు పట్టీలో సంతకం మనదే, జీతమూ మనదే.

సర్కారు నౌకరీ అంటే కూర్చుని తినడమేనని మన మనుమలు కూడా అంటున్నారు. వాళ్ళకు ఒక్క సంగతి చెప్పండి. ఒకప్పటి మన మహబూబ్‌నగర్ జిల్లాలోదే శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రం. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ మంటలు లేచి 9 మంది చనిపోయారు. మంటలను అదుపు చేయబోయి లోపల చిక్కుకుపోయారు. అందులో సంస్థ ఇంజనీర్లున్నారు, బ్యాటరీల పనికి వచ్చిన ప్రైవేటు కంపెనీవాళ్ళు ఇద్దరున్నారు. ఆ పొగలో ఎవరిది పర్మినెంటు, ఎవరిది కాదు అన్న తేడా లేదు. బయటికొచ్చాకనే ఆ తేడా.

ఇప్పుడు అసలు పనికొస్తాను. రాత్రిపూట లాంతరు పట్టుకుని కాలువ గట్ల మీద తిరిగిన దినకూలీ లస్కర్లు మీకందరికీ గుర్తుంటారు. 1993 నవంబరు 25 నాటికి 5 ఏళ్ళు నిండినవాళ్ళను పర్మినెంటు చేయడానికి 1994 ఏప్రిల్‌లో 212 నంబరు జీవో వచ్చింది. సంతోషించాం. కానీ నెలనెలా పెన్షన్ రావాలంటే 10 ఏళ్ళ అర్హత సర్వీసు ఉండాలి. 1994లో 52 ఏళ్ళున్న మనిషి 60కి దిగితే 8 ఏళ్ళే. అంతకు ముందటి కూలీ ఏళ్ళు లెక్కకు రావని చెప్పి, ఒక్కసారి ఇచ్చే గ్రాట్యుటీతో పంపేశారు మా డివిజన్‌లో కొందరిని. కొర్రీలు వేసిన ఆ రెండో పెద్దమనిషికి మాత్రం పూర్తి పెన్షన్ వచ్చింది. ఆయన కూడా మన సభ్యుడే, చందా సకాలంలో కడతాడు.

ఆ లస్కర్లలో చాలామంది ఇప్పుడు లేరు. భార్యలున్నారు. వాళ్ళు మన సభ్యులు కారు కాబట్టి మన వినతిపత్రాల్లో వాళ్ళ మాట ఎన్నడూ లేదు. ఈసారి పంపే దానిలో ఒక పేరా వాళ్ళ కోసం రాద్దామని కార్యవర్గాన్ని కోరుతున్నాను. పేరా రాస్తే చాలదు, పేర్లూ ఏళ్ళూ కావాలి. మీ ఊళ్ళలో అలాంటి ఇల్లు తెలిస్తే వెళ్ళి అడగండి. మస్టర్ రోల్ నకలు, సెక్షనాఫీసరు చేతిరాత చీటీ, జీతం పట్టీ, ఏది దొరికినా జిరాక్సు తీయించి కార్యదర్శిగారికి అందజేయండి. అసలు కాగితం మాత్రం ఆ ఇంట్లోనే ఉంచి రండి. మన దగ్గరికి వచ్చిన కాగితాలు ఎటు పోతాయో మనకంటే బాగా ఎవరికి తెలుసు!

భోజనాలకు వేళ మించుతోంది. సెలవు.