సీజను టిక్కెట్టు: అప్పిచ్చువాడే వడ్డీ కట్టుట

1927 జనవరి 22వ తేదీన లండనులోని హైబరీ మైదానమునుండి ఆర్సెనల్, షెఫీల్డ్ యునైటెడ్ జట్ల పోటీని బి.బి.సి. వారు ప్రసారము చేసిరి. ఫుట్‌బాల్ ఆటను, అది జరుగుచుండగనే, రేడియోలో వర్ణించి వినిపించుట బ్రిటనులో అదియే ప్రథమము. కంటికి కనబడని ఆటలో బంతి ఎచ్చట నున్నదో శ్రోతకు తెలియుట యెట్లు? అందులకై ఆ సంస్థవారు తమ కార్యక్రమ పత్రికలో మైదానపు పటమును ఎనిమిది గళ్ళుగా గీసి, వానికి సంఖ్యలు వేసి ముద్రించిరి. ఒకరు ఆటను వర్ణించుచుండగా ప్రక్కనుండి మరియొకరు గడి సంఖ్య పలుకుచుండిరి. పత్రికను ఒడిలో నుంచుకొని, గడిపై వ్రేలుంచి వినుటయే శ్రోత చేయవలసిన పని. ఆట చెరియొక గోలుతో సమముగా ముగిసినది.

ఇంటనుండి విన్న ఆ శ్రోతకైన వ్యయము ఏడాదికి 10 షిల్లింగుల రేడియో లైసెన్సు. మన దేశమునను ఒకప్పుడు ఏటేట పోస్టాఫీసునకు పోయి రేడియో లైసెన్సు రుసుము కట్టివచ్చిన గృహస్థులు ఈ పత్రిక పాఠకులలో ఇంకను ఉన్నారు. ఏడాది సొమ్మును ఒక్కమారు కట్టుట యనిన నేమో వారికి నేను చెప్పనక్కరలేదు. అయితే నేటి నా ప్రసంగము ఇంట కూర్చుండి వినువానిని గూర్చి కాదు. ఇంగ్లండులో మైదానమునకు పోయి, తన కుర్చీలో తాను కూర్చుండి ఆట చూచువానిని గూర్చి.

సీజను టిక్కెట్టు అను మాట మనకు రైళ్ళవలన తెలిసినదే. ఫుట్‌బాల్ సీజను టిక్కెట్టు కూడ అట్టిదే, కాని ఇది నెలకు కాదు, ఏడాదికి. ప్రీమియర్ లీగులో 20 క్లబ్బులు కలవు. ఒక్కొక్క జట్టు 38 ఆటలాడును; అందు 19 స్వంత మైదానములో జరుగును. ఆ 19 ఆటలకును ఒకే కుర్చీ, ఒకే వరుస, అవే ఇరుగుపొరుగు ముఖములు. తండ్రి కూర్చుండిన కుర్చీకి ప్రక్క కుర్చీలో కుమారుడు పెరిగి పెద్దవాడగును. పెద్ద క్లబ్బులలో ఒక కుర్చీ కొరకు పేరు వ్రాయించుకొని సంవత్సరముల తరబడి వేచియుండువారున్నారు. కావున ఒక ఏడు టిక్కెట్టును పునరుద్ధరింపనివాడు కోల్పోవునది 19 ఆటలు మాత్రమే కాదు, ఆ స్థానమునే. ఈ ఒక్క సంగతి మరువకుండినచో తరువాత చెప్పబోవునదంతయు సులభముగా అర్థమగును. ఇచ్చట కొనుగోలుదారు బేరమాడి వేరొక దుకాణమునకు పోవువాడు కాడు. ఆర్సెనల్ అభిమాని వెల తక్కువయని టోటెన్‌హామ్ టిక్కెట్టు కొనడు.

వసంతకాలములో, సాగుచున్న సీజను ఇంకను ముగియక మునుపే, అనేక క్లబ్బులనుండి పునరుద్ధరణ లేఖ వచ్చును. తమ జట్టు వచ్చే ఏడు ఏ శ్రేణిలో ఆడునో తెలియకయే సొమ్ము కట్టవలసిన అభిమానులు అందు కొందరుందురు. దంపతులును ఇద్దరు పిల్లలును గల ఇంటిలో నాలుగు టిక్కెట్ల మొత్తము నెల జీతములో చాలభాగమును మింగివేయగలదు. ఒక్కమారు కట్టలేనివారికి వాయిదాల పద్ధతి కలదు. చిక్కంతయు ఆ పద్ధతిలోనే యున్నది.

కొన్ని క్లబ్బులు తామే వడ్డీ లేకుండ వాయిదాలు వసూలు చేసికొనును. మరికొన్ని క్లబ్బులు అభిమానిని ఒక రుణసంస్థకు అప్పగించును. ఆ సంస్థ టిక్కెట్టు వెలను క్లబ్బునకు ఒక్కసారిగా చెల్లించి, అభిమానివద్ద నెలనెలా వడ్డీతో రాబట్టుకొనును. ఇది అప్పు కాబట్టి దరఖాస్తు వ్రాయవలెను. దరఖాస్తుదారుని పూర్వపు అప్పుల చరిత్రను సంస్థ పరిశీలించును. ఎన్నడును అప్పు చేయని వృద్ధునికి అప్పుల చరిత్రయే లేకపోవుటచేత ఆ పరీక్షలో చిక్కు రావచ్చును. అప్పు చేయకుండుట పెద్దమనిషి లక్షణమని పెరిగిన తరమువారికి ఇది వింతగా తోచుటలో వింత లేదు.

నోట్లు చేతబట్టుకొని టిక్కెట్టు కిటికీ వద్ద నిలుచువాని కాలము కూడ చెల్లిపోవుచున్నది. 2019 ఏప్రిలులో తెరచిన టోటెన్‌హామ్ వారి క్రొత్త స్టేడియములో ఆరంభమునుండియు నగదు తీసికొనకుండ కార్డులతోనే వ్యవహారము నడిపిరి. కార్డుతో చెల్లించు సామాన్యునిపై అదనపు రుసుము వేయరాదని బ్రిటనులో 2018 జనవరి 13 నుండి నిషేధము అమలులోనికి వచ్చినది. కార్డు వాడినందుకు పెన్నీ కూడ అడుగరాదు. వాయిదాలు అడిగినందుకు మాత్రము వడ్డీ తీసికొనవచ్చును.

ఆ వడ్డీ ఎంతయో ఒక ఊహాపు లెక్కతో చూతము. టిక్కెట్టు వెల 600 పౌనులనుకొందము. మే 1వ తేదీన ఒప్పందము కుదిరినది. రుణసంస్థ దానిపై 5 శాతము, అనగా 30 పౌనులు, చేర్చి, జూన్ 1 మొదలు మార్చి 1 వరకు 10 వాయిదాలుగా నెలకు 63 పౌనుల చొప్పున కట్టుమన్నది. ఐదు శాతమే గదా యని తోచును. కాని ఆ 600 పౌనులు పది నెలలపాటును అతని వాడుకలో లేవు. మొదటి నెల ముగియగనే 63 తిరిగిపోయినవి; రెండవ నెలలో మరి 63. సరిగా గుణించి చూచినచో ఏడాదికి 11 శాతము దాటినది. మన వాడుకలో చెప్పవలెనన్న నూటికి నెలకు తొంబది పైసల వడ్డీ.

ఇది దారుణమైన వడ్డీ యని నేననను. రెండు రూపాయల వడ్డీకి, మూడు రూపాయల వడ్డీకి పత్రములు వ్రాసియిచ్చిన వారి బిడ్డలము మనము. మనకిది చౌకగానే కనబడును. నా ఆక్షేపణ వడ్డీ రేటుపై కాదు. ఈ వ్యవహారములో అసలు అప్పిచ్చుచున్నది ఎవరు, పుచ్చుకొనుచున్నది ఎవరు?

మే 1వ తేదీన 600 పౌనులను ఒక్కమారు కట్టినవాని సంగతి మొదట చూడుడు. ఆటలు ఆగస్టు నడుమ మొదలై మరుసటి మే చివర ముగియును. ఆ 19 ఆటలకు నడిమి దినము సుమారుగా జనవరి మొదటివారములో పడును. అనగా అతడు తాను చూడబోవు ఆటలకు సగటున ఎనిమిది నెలలు ముందుగా సొమ్ము చెల్లించినాడు. అది క్లబ్బునకు వడ్డీలేని అప్పు. సరే, ఉన్నవాడు, ఇచ్చినాడు. ఇక వాయిదాలవాని మాట. జూన్ మొదలు మార్చి వరకు కట్టు అతని వాయిదాలకు నడిమి దినము అక్టోబరు మధ్యన వచ్చును. ఆటలకు నడిమి దినము జనవరి మొదటివారము. కాబట్టి ఇతడు సైతము సగటున రెండు నెలలకు పైగా ముందే సొమ్ము కట్టుచున్నాడు! ఋణగ్రస్తుడని కాగితముపై వ్రాయబడినవాడు నిజమునకు ఋణదాత. పాలవానికి నెల ముందుగా సొమ్మిచ్చి, ముందిచ్చినందుకు మరల వడ్డీ కట్టినట్లున్నది ఈ బేరము. ఇంగ్లండు అభిమానులు వెలను గూర్చి ఎంత నొచ్చుకొన్నను, ఈ వాయిదా షరతులు చదివినప్పుడు కలుగు కోపములో వేరొక మంట యుండుటకు కారణమిదే యని నా అభిప్రాయము.

క్లబ్బులవారి వాదము లేకపోలేదు. వేసవిలో ఆటలుండవు, గేటు రాబడి యుండదు. ఆటగాండ్ర జీతములు మాత్రము నెలనెలా ఇచ్చి తీరవలెను. రుణసంస్థ ద్వారా సొమ్ము ఒక్కసారిగా చేతికి వచ్చుటయే కాక, వాయిదా తప్పినవాని వెంట తిరుగు శ్రమ కూడ తప్పును. దిగువ శ్రేణుల చిన్న క్లబ్బులు ఈ మాట చెప్పినపుడు నేను చెవియొగ్గుదును; గేటు రాబడియే వానికి ప్రాణాధారము. పెద్ద క్లబ్బుల నోట ఇదే మాట వినుట కష్టము. 2025లో మొదలైన నాలుగు సీజన్లకు బ్రిటనులో టెలివిజను హక్కులనే ప్రీమియర్ లీగు 670 కోట్ల పౌనులకు అమ్మినది. పైగా, అమ్మువాడు తానే వడ్డీ లేకుండ ఇచ్చి, 12 నెలలలోపల 12 వాయిదాలకు మించకుండ రాబట్టుకొను అప్పును అక్కడి చట్టము కఠిన నిబంధనలనుండి మినహాయించి యున్నది. దారి మూసికొని పోలేదు.

ముందుగా సొమ్ము కట్టుటలోని అపాయము తెలియవలెనన్న బరీ క్లబ్బు కథ వినవలెను. మాంచెస్టరుకు చేరువనున్న ఈ పట్టణపు జట్టు 1894లో లీగులో చేరినది. 1903 ఎఫ్.ఏ. కప్పు తుది పోటీలో డెర్బీ కౌంటీని 6–0తో ఓడించినది. అంత తేడాతో తుది పోటీ గెలిచిన మరియొక జట్టు కొరకు 116 ఏండ్లు వేచియుండవలసి వచ్చెను; 2019 మే నెలలో మాంచెస్టర్ సిటీ వాట్‌ఫర్డును అంతే తేడాతో ఓడించినది. అదే వేసవిలో బరీ క్లబ్బు అప్పులలో మునిగి, కొత్త సీజనులో ఒక్క లీగు ఆటయైనను ఆడకమునుపే, ఆగస్టు 27న లీగునుండి బహిష్కరింపబడెను. 125 ఏండ్ల సభ్యత్వము ఒక్క ప్రకటనతో ముగిసినది. ఇట్లు కూలిన క్లబ్బునకు ఏడాది సొమ్ము ముందుగా కట్టియుంచిన అభిమాని, తక్కిన అప్పులవారి వెనుక వరుసలో నిలువవలసినవాడే.

ఇచ్చటనే చెల్లించు విధము ముఖ్యమగును. బ్రిటను వారి 1974 నాటి వినియోగదారుల రుణచట్టపు 75వ సెక్షను ప్రకారము, 100 పౌనులకు మించి 30,000 పౌనుల వరకు వెలగల వస్తువును క్రెడిట్ కార్డుతో కొన్నచో, అమ్మినవాడు మాట తప్పినప్పుడు కార్డు ఇచ్చిన సంస్థ కూడ బాధ్యత వహింపవలెను. నగదు కట్టినవానికి ఆ రక్ష లేదు. అనగా క్లబ్బును సంపూర్ణముగా నమ్మి చేతిసొమ్ము తెచ్చి యిచ్చినవానికే రక్షణ తక్కువ.

ఇంత జరుగుచున్నను అభిమాని ఏమి చేయగలడు? ఆటను మానుకొనలేడు, అదియే అతని బలహీనత, క్లబ్బు బలము. అయినను 2016 ఫిబ్రవరి 6వ తేదీన లివర్‌పూల్ అభిమానులొక దారి చూపిరి. క్లబ్బు క్రొత్తగా కట్టుచున్న భాగములో కొన్ని కుర్చీల వెల ఆటకు 77 పౌనులని ప్రకటించినది. ఆ దినము సండర్‌లాండుతో ఆట. 77వ నిమిషమున సుమారు పదివేలమంది లేచి వెలుపలికి నడిచిరి. అప్పటికి వారి జట్టు 2–0తో గెలుపుబాటలో నున్నది; వారు పోయిన పిమ్మట రెండు గోల్సు సమర్పించుకొని ఆటను సమముగా ముగించినది. కొలది దినములలోనే యజమానులు క్షమాపణ చెప్పి, ఆ వెలను ఉపసంహరించుకొని, రెండు సీజన్లపాటు ధరలు పెంచమని మాట యిచ్చిరి.

ధరల చరిత్ర తలచుకొన్నవారికి ఆ 77 సంఖ్య ఎందుకంత గ్రుచ్చుకొనెనో తెలియును. 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరో మైదానములో జరిగిన త్రొక్కిసలాటకు బలియైనవారు 97 మంది లివర్‌పూల్ అభిమానులు. ఆ దుర్ఘటనపై విచారించిన టేలరు న్యాయమూర్తి, నిలుచు స్థలములు తీసి అందరకు కుర్చీలు వేయవలెనని 1990లో సిఫారసు చేసిరి. కుర్చీలు వేసినంతమాత్రమున వెల ఆకాశమునకు పోనక్కరలేదనియు, గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానములో కుర్చీ 6 పౌనులకే దొరకుచున్నదనియు ఉదాహరణ చూపిరి. కుర్చీలు వచ్చినవి, ఆ ఉదాహరణ మాత్రము కాగితములోనే నిలిచిపోయినది.

2025 జూలైలో బ్రిటిష్ పార్లమెంటు ఆమోదించిన ఫుట్‌బాల్ పాలనా చట్టము స్వతంత్ర నియంత్రణ సంస్థను ఏర్పరచినది. టిక్కెట్టు ధరల విషయమున క్లబ్బులు అభిమానులను సంప్రదింపవలెనని కూడ చెప్పినది. ఆ సంప్రదింపులలో వెలతోబాటు వాయిదాల ప్రస్తావన కూడ రావలెనని అభిమానులు కోరుట సమంజసమే. వారడుగునది దానము కాదు. మొదటి వాయిదా మొదటి ఆటతో మొదలుపెట్టినను, చివరి వాయిదా చివరి ఆట నాటికి తీరిపోవును. అప్పుడు ఎవరును ఎవరికిని అప్పు లేరు.

మన తెలుగు కుటుంబముల పిల్లలు అనేకులు నేడు లండనులో, మాంచెస్టరులో ఉద్యోగములు చేయుచున్నారు. అందెవరైన వచ్చే వసంతమున సీజను టిక్కెట్టు కొన దలచి ఇంటికి ఫోను చేసినచో, ఈ మాట చెప్పుడు: దరఖాస్తులో క్లబ్బు చిహ్నము పెద్దదిగా నుండును, అడుగున రుణసంస్థ పేరు చిన్న అక్షరములలో నుండును. ఆ పేరు ప్రక్కన మొత్తము చెల్లింపవలసిన సొమ్మెంతయో వ్రాసియుండును. ముందు ఆ అంకెను, పిదప మొదటి వాయిదా తేదీని చూచి, అటుపిమ్మట సంతకము చేయుమనుడు.