వికలాంగులకు గల సదుపాయములు

సముద్రమును నమ్ముకొని బ్రతుకువారికి దేహబలమే మూలధనము. తుమ్మలపెంట, జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కోడూరు, కృష్ణపట్నము – మన నెల్లూరు తీరమున ఈ వరుసలోని ఏ ఊరు చూచినను, వల లాగుటకును, పడవను ఇసుకపైకి త్రోయుటకును, రొయ్యల చెరువుగట్లపై రాత్రులు కాపలా తిరుగుటకును, ఉప్పుమళ్లలో పనిచేయుటకును కావలసినవి గట్టి కాళ్లు, గట్టి చేతులు. అట్టి చోట ఒక బిడ్డ చూపు లేక పుట్టినను, ఒక యువకునికి పడవప్రమాదమున నడుము విరిగినను, ఆ యింట తగ్గునది ఒకరి సంపాదన మాత్రమే కాదు. ఆ మనిషిని కనిపెట్టియుండుటకు తల్లియో, అక్కయో ఇంటిపట్టున నిలువవలసివచ్చును గనుక రెండవ సంపాదన గూడ పోవును.

ఇట్టివారికి ప్రభుత్వము కల్పించిన సదుపాయములు నేడు కొలది కావు. కాని అవి వానవలె అందరి ముంగిళ్లలోను తమంత తాము కురియునవి కావు, బావినీటివలె చేదుకొనవలసినవి. చేదకు త్రాడేది, బావులెచ్చటెచ్చట ఉన్నవి అను రెండు సంగతులను ఈ ప్రసంగమున శ్రోతలకు మనవి చేయదలచినాము.

మొదట చట్టము సంగతి. 1995లో వచ్చిన చట్టము 7 విధముల వైకల్యములను మాత్రమే గుర్తించినది. దానికి మారుగా 2016 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలునకు వచ్చినది. ఇది 21 విధములను గుర్తించినది. చూపు, వినికిడి, కాలుసేతుల లోపములేగాక, బుద్ధిమాంద్యము, ఆటిజము, కండరముల క్షీణత, మరుగుజ్జుతనము, పార్కిన్‌సన్ వ్యాధి, తలసీమియా, హీమోఫీలియా వంటివి గూడ ఇందు చేరినవి. తలసీమియాచే మాటిమాటికి రక్తమెక్కించుకొను బిడ్డ పైకి అందరివలెనే కనబడవచ్చును. ఆ బిడ్డకును ఈ చట్టము వర్తించునని తల్లిదండ్రులు గ్రహింపవలెను. వికలాంగులన్న పాత మాటకు బదులు కేంద్రమువారు దివ్యాంగులనియు, మన రాష్ట్రమువారు విభిన్న ప్రతిభావంతులనియు వ్యవహరించుచున్నారు. కార్యాలయపు బల్లపై ఈ పేర్లలో ఏది కనబడినను అది మీరు పోవలసిన చోటే.

ఇక చేదకు త్రాడు. అది వైద్యులిచ్చు ధ్రువపత్రము. మన పల్లెలలో ‘సదరం’ అన్నచో తెలియనివారుండరు. ఊరి సచివాలయమున గాని, మీసేవ కేంద్రమున గాని పేరు నమోదు చేయించుకొనినచో, ప్రభుత్వాసుపత్రిలో పరీక్షకు ఒక దినము నిర్ణయింపబడును. వైద్యులు వైకల్యమును నూటికిన్ని పాళ్లని లెక్కగట్టుదురు. 40 పాళ్లును, అంతకు మించియు ఉన్నవారికే ముఖ్యమైన సదుపాయములు లభించును. దేశమంతట చెల్లునట్టి గుర్తింపు కార్డు గూడ నేడు ఇయ్యబడుచున్నది. ధ్రువపత్రము చేతికి రాగానే అది శాశ్వతమైనదా, గడువు గలదా అని తప్పక చూచుకొనవలెను. గడువు గలదైనచో, అది తీరక మునుపే మరల పరీక్షకు పేరు వ్రాయించుకొనవలెను. గడువు దాటిన పత్రము తెగిన త్రాడు వంటిది.

ఈ పత్రముతో మొదట అందునది పింఛను. మన రాష్ట్రమున 2024 జూలై 1వ తేదీన, అంతవరకు నెలకు 3,000 రూపాయలుగా ఉన్న వికలాంగుల పింఛను 6,000 రూపాయలకు పెరిగినది. మంచమునకో, చక్రముల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవారికి 15,000 రూపాయలుగా నిర్ణయింపబడినది. ఈ రెండింటికి నడుమ భేదము పెద్దది గనుక, రోగి స్థితి మారినప్పుడు దానిని వైద్యుల దృష్టికి తెచ్చుట ఇంటివారి బాధ్యత.

రెండవది ప్రయాణము. కావలినుండి, నెల్లూరునుండి వైద్యము కొరకు మద్రాసు పోవువారు మనలో ఎందరో కలరు. చూపు పూర్తిగా లేనివారికిని, బుద్ధిమాంద్యము గలవారికిని, తోడు లేనిదే ప్రయాణింపలేని అంగవైకల్యము గలవారికిని రెండవ తరగతి, స్లీపరు తరగతుల రైలు టిక్కెట్టుపై నూటికి 75 వంతుల రాయితీ కలదు. వినికిడియు మాటయు రెండును లేనివారికి 50 వంతులు. తోడుపోవువారొకరికి గూడ అదే రాయితీ లభించును. ఒక మెలిక మాత్రము గమనింపవలెను. కాలు లోపమున్నను ఒంటరిగా పోగలిగినవారికి 40 పాళ్ల పత్రమున్నంత మాత్రమున ఈ రాయితీ రాదు. తోడు అవసరమని ప్రభుత్వ వైద్యుడు రైల్వేవారి నమూనాలో వ్రాసి యియ్యవలెను. ఆ పత్రముపై రైల్వేవారు తమ గుర్తింపు కార్డును ఇత్తురు. 2020 మార్చిలో వృద్ధుల రాయితీతోపాటు పెక్కు రాయితీలు నిలిచిపోయినవి గాని, వికలాంగుల రాయితీ నిలిచిపోలేదు. అదియు పోయినదను మాట నమ్మి పూర్తి ధర చెల్లింపనక్కరలేదు. బస్సుపాసు రాయితీల కొరకు ఆర్టీసీ డిపోలో విచారింపవలెను.

మూడవది చదువు. 6 మొదలు 18 ఏండ్ల వరకు ఇట్టి పిల్లలకు ఉచితవిద్య చట్టము ఇచ్చిన హక్కు. సమీపమునందలి బడియైనను, ప్రత్యేక పాఠశాలయైనను ఎన్నుకొనవచ్చును. ప్రత్యేక శ్రద్ధ కావలసిన పిల్లల కొరకు మండలములలో భవిత కేంద్రములు ఏర్పడియున్నవి. ప్రభుత్వ కళాశాలలలో నూటికి 5 సీట్లు, ప్రభుత్వోద్యోగములలో నూటికి 4 కొలువులు ఇట్టివారికి కేటాయింపవలెనని చట్టము. బడి ముఖము చూడని బిడ్డకు ఈ కొలువు ఎన్నటికి అందదు. కావున, ‘వీనికి చదువెందుకు’ అను మాట ఇంట పుట్టకుండ చూడవలెను.

నాలుగవది ఉపకరణములు. మూడు చక్రముల బండి, చెవి యంత్రము, కృత్రిమ పాదము, ఊతకఱ్ఱలు మొదలగువానిని ఇచ్చు కేంద్రప్రభుత్వ పథకము 1981 నుండి నడచుచున్నది. ఆదాయమునుబట్టి కొందరికి ఉచితముగను, కొందరికి సగము వెలకును లభించును. సికిందరాబాదులోని జాతీయ సంస్థకు అనుబంధముగా నెల్లూరునందే ఒక ప్రాంతీయ కేంద్రము కలదు. దీనిని సి.ఆర్.సి. అందురు. మాట రాని, నడక ఆలస్యమైన పసిపిల్లలను ‘పెద్దయిన కొలది అదే వచ్చును’ అని ఏండ్లకొలది చూచుచు కూర్చుండక, అచ్చటికి తీసికొనిపోవుట మేలు. పసితనమున ఇచ్చిన శిక్షణ ఫలించినట్లు, ప్రాయము ముదిరిన పిదప ఇచ్చినది ఫలింపదు.

సముద్రముపై పోవువారికి ఇంకొక మాట. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలతో చేరదగిన ప్రధానమంత్రి సురక్షా బీమాయందు, ప్రమాదమున రెండు కన్నులో, రెండు చేతులో, రెండు కాళ్లో పోయినచో 2 లక్షలు, ఒకటి పోయినచో 1 లక్ష రూపాయలు వచ్చును. 18 మొదలు 70 ఏండ్ల లోపువారు చేరవచ్చును. జాలరులకు ప్రత్యేకమైన ప్రమాదబీమా సంగతి మత్స్యశాఖవారిని అడిగి తెలిసికొనవలెను. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధముండు 61 దినములు ఈ కాగితములు సరిచూచుకొనుటకు అనువైన కాలము.

బుద్ధిమాంద్యము, ఆటిజము, మస్తిష్క పక్షవాతము గల బిడ్డల తల్లిదండ్రులను వేధించు ప్రశ్న ‘మా తరువాత వీరికి దిక్కెవరు’ అన్నది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము దీనికి కొంత సమాధానమిచ్చినది. 18 ఏండ్లు నిండిన అట్టివారికి సంరక్షకుని నియమించు అధికారము కలెక్టరు అధ్యక్షతన గల జిల్లా సంఘమునకు కలదు. వీరికే ‘నిరామయ’ అను 1 లక్ష రూపాయల ఆరోగ్యబీమా గూడ కలదు.

2025లో మన రాష్ట్రమున వికలాంగుల పింఛనులను పునఃపరీక్ష చేసినారు. దొంగపత్రములతో పొందినవారు నిజమైన నిర్భాగ్యుల నోటి కూడును లాగుకొనినవారే. మోసముతో సదుపాయములు పొందినవారికి 2 ఏండ్ల వరకు కారాగారమును, 1 లక్ష రూపాయల వరకు జరిమానాను చట్టము విధించుచున్నది. కాని నిజముగా వైకల్యము గలవారు నోటీసును చూచి భయపడి ఇంట కూర్చుండరాదు. చెప్పిన దినమున ఆసుపత్రికి పోవలెను. అన్యాయము జరిగినదని తోచినచో మరల విన్నవించుకొనవలెను. వాయుగుండముల కాలమున నీరు ఇంట జొచ్చు తీరమిది గనుక, పత్రములను తడియని సంచిలో నుంచి, నకళ్లను వేరొక యింట భద్రపరచుట వివేకము.

అడుగుటకు సిగ్గుపడువారు మనలో కలరు. అది వారి ఆత్మగౌరవమునకు చిహ్నమేగాని, ఇది బిచ్చము కాదు. చట్టము ఇచ్చిన దానిని అడుగుట రైతు తన కాలువనీటిని అడుగుట వంటిది. రేడియో గల ఇండ్లవారికి మేము చేయు విన్నపము ఒక్కటే. మీ వీధిలో ఇట్టివారొకరు తప్పక ఉందురు. వారి పత్రమును ఒకసారి చదివి పెట్టుడు, గడువు చూడుడు, అర్జీ వ్రాయుడు, ఆసుపత్రికి పోవు దినమున తోడుపోవుడు. మీకది ఒక పూట పని. వారికది ఏండ్ల తరబడి అందు అన్నము.